కిడ్నీ క్యాన్సర్ మహాసిరలోకి పాకింది, ఆపరేషన్‌కు ఒప్పుకోవచ్చా?

తెనాలి అబ్బాయి
అందరికీ నమస్కారం. నాన్నకు 63 ఏళ్లు. కొంతకాలంగా రెండు కాళ్లూ వాస్తున్నాయి. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాం. మూత్రంలో రక్తం పడ్డాకే అసలు సంగతి బయటపడింది. కుడి కిడ్నీలో 9 సెంటీమీటర్ల గడ్డ ఉందని సీటీ స్కాన్‌లో తేలింది. అంతటితో ఆగలేదు. కిడ్నీ సిరలోంచి ఐవీసీలోకి, అంటే కాళ్ల నుంచీ పొట్ట నుంచీ రక్తాన్ని గుండెకు చేర్చే మహాసిరలోకి, క్యాన్సర్ పాకిందట. రిపోర్టులో "కాలేయ సిరల దరిదాపుల వరకు" అని రాశారు. ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో ఏమీ లేదన్నారు.

ఇది చాలా పెద్ద ఆపరేషన్, గుండె సర్జన్ కూడా ఉండాలి, హైదరాబాదు తీసుకెళ్లండి అని ఒక డాక్టరుగారు అన్నారు. గుండె దాకా పోలేదు కదా, బైపాస్ (ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) అక్కర్లేదు అని ఇంకొకరు అన్నారు. మా పెదనాన్న అయితే కత్తే పెట్టించవద్దంటున్నారు. రక్తనాళంలోకి దిగిందంటే ఒళ్లంతా పాకినట్టే కదా అని ఆయన వాదన. అమ్మ ఏ మాటకూ జవాబివ్వడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాడు పెద్దాయన
బాబూ, మీ పెదనాన్న మాటను తీసిపారేయకు. మా ఊళ్లో ఒకాయనకు ఇలాగే కోశారు. ఆరు నెలలు తిరక్కుండా పోయాడు. కత్తి తగిలితే ఆ జబ్బు రేగుతుంది. ముట్టుకోకుండా ఉంటే మనిషి ఇంకో రెండేళ్లు తిరుగుతాడు.

కత్తీ సూదీ
(యూరాలజీ సర్జన్‌ని. ఇక్కడ రాసేది సాధారణ సమాచారం. మీ నాన్నగారి స్కాను నేను చూడలేదు.)

పెద్దాయన గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. మీ ఊరి ఆయన జబ్బు ఏ దశలో ఉందో మనకెవరికీ తెలియదు. ఆపరేషన్ లేకుండా వదిలేసినవాళ్ల సంగతి మాత్రం తెలుసు. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీ వివరాలు తీసి చూస్తే, సిరలోకి పాకాక చికిత్స లేకుండా ఉండిపోయినవాళ్లలో సగంమంది 6 నెలలు కూడా దాటలేదు. ముట్టుకోకపోతే రెండేళ్లు అన్న లెక్క ఎక్కడా లేదు.

ఇప్పుడు అసలు విషయం. కిడ్నీ క్యాన్సర్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. ప్రతి 100 మంది రోగుల్లో దాదాపు 4 నుంచి 10 మందికి అది కిడ్నీ సిర నోట్లోంచి మహాసిరలోకి పెరుగుతుంది. డ్రైనేజీ గొట్టంలోకి చెట్టు వేరు దూరినట్టు అనుకోండి. వేరు గొట్టంలో పొడవుగా సాగుతుంది కానీ చాలాసార్లు గొట్టం గోడకు అతుక్కోదు. మేము దాన్ని ట్యూమర్ త్రాంబస్ అంటాం. రక్తంతో కలిసి ఒళ్లంతా పాకడం వేరు, సిర లోపల ఒకే ముద్దగా పెరగడం వేరు. మహాసిరలోకి వచ్చినా, లింఫు గ్రంథులకూ ఇతర అవయవాలకూ పాకకపోతే, దశల లెక్కలో అది ఇంకా మూడో దశే. మొత్తంగా తీసేయగలిగితే అయిదేళ్లు దాటి బతికేవారు 100 మందిలో 40 నుంచి 65 మంది దాకా ఉంటారు. 

కుడి కిడ్నీ విషయంలోనే ఇది ఎక్కువగా చూస్తాం. కుడి కిడ్నీ సిర పొట్టిది, 2 నుంచి 4 సెంటీమీటర్లు. మహాసిర పక్కనే ఉంటుంది. ఎడమది పొడవు.

లెక్కల మాస్టారు
డాక్టరుగారూ, చిన్న అభ్యంతరం. ఆపరేషన్ చేయించుకోనివాళ్లలో అప్పటికే ఇతర అవయవాలకు పాకినవాళ్లు, ముసలివాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా ఉంటారు. వాళ్లు త్వరగా పోయారంటే అందుకు ఆపరేషన్ లేకపోవడమే కారణమని ఎలా అనగలం?

కత్తీ సూదీ
సరైన అభ్యంతరమే. ఆ రెండు వర్గాలూ సమానం కాదు. అందుకే ఆ అంకెను పెద్దాయన గారికి జవాబుగా మాత్రమే వాడాను. ఆపరేషన్ ఎంత మేలు చేస్తుందో కొలవడానికి అది పనికిరాదు.

తెనాలి అబ్బాయి
మరి ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెప్పారు? ఎవరో ఒకరు తప్పు చెప్పినట్టేనా?

నీడల పని
(రేడియాలజిస్టుని.)

ఇద్దరూ తప్పు కాకపోవచ్చు, తమ్ముడూ. తప్పు ఆ "దరిదాపుల" అన్న మాటది. ఈ జబ్బులో మొత్తం పథకం త్రాంబస్ కొన ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1987లో ఇచ్చిన పద్ధతిలో కొలుస్తాం. కిడ్నీ సిరలోనే ఉంటే లెవెల్ సున్నా. మహాసిరలోకి వచ్చి 2 సెంటీమీటర్లలోపే ఆగితే ఒకటి. అది దాటినా కాలేయ సిరలకు కిందే ఉంటే రెండు. కాలేయ సిరల దగ్గరకు వచ్చినా, వాటిని దాటినా, ఉదరవితానానికి (పొట్టనూ ఛాతీనీ వేరుచేసే కండర పొరకు) కింద ఉంటే మూడు. ఉదరవితానం దాటి ఛాతీలోకి, గుండె కుడి గదిలోకి వెళితే నాలుగు. మీ రిపోర్టు రెండు, మూడు మధ్య తూగుతోంది. రెండు అనుకున్నాయన బైపాస్ అక్కర్లేదన్నారు, మూడు అనుకున్నాయన గుండె సర్జన్ ఉండాలన్నారు. అంతే తేడా.

చేయాల్సింది ఎమ్మారై. మంచి సీటీ కూడా చాలావరకు సరిపోతుంది కానీ, కొన ఎక్కడుంది, గోడను కొరికిందా, కింది భాగంలో మామూలు రక్తపు గడ్డ కూడా కట్టిందా అన్న మూడు ప్రశ్నలకు ఎమ్మారై బాగా జవాబిస్తుంది. క్యాన్సర్ ముద్ద దారి మూసేస్తే దాని కింద నిలిచిపోయిన రక్తం గడ్డకడుతుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ చికిత్స వేరు. ఇంకో మాట. స్కాను పాతబడకూడదు. త్రాంబస్ పెరుగుతుంది. ఆపరేషన్‌కు రెండు వారాల లోపు తీసిన బొమ్మలు సర్జన్ చేతిలో ఉండాలి.

నాన్నగారిని ఒక విషయం అడగండి. వృషణం పైన కుడివైపు సిరలు ఉబ్బాయా, పడుకున్నా తగ్గడం లేదా? మహాసిరలో దారి మూసుకుంటే అక్కడి రక్తం నిలిచి ఇలా అవుతుంది. మగవాళ్లు ఇది ఎవరికీ చెప్పరు.

తెనాలి అబ్బాయి
అడిగాను. ఉందట. "అది చెప్పుకునే విషయమా" అన్నారు.

నిర్వాహకుడు
రెండు వ్యాఖ్యలు తొలగించాం. గోమూత్రం, ఆకుపసరు, ఫోను నంబరు ఉన్న ప్రకటనలకు ఈ చర్చలో చోటు లేదు. మళ్లీ పెడితే సభ్యత్వం పోతుంది.

ఖమ్మం టీచర్
మా చిన్నాన్నకు ఇదే జబ్బుకు ఆపరేషన్ అయింది. తెనాలి తమ్ముడికి నా సలహా ఒకటే, డబ్బు గురించి ముందే గట్టిగా అడగండి. మేము వెళ్లిన ఆసుపత్రిలో ఇచ్చిన అంచనాలో రక్తం ఖర్చు లేదు, ఐసీయూ అదనపు రోజులు లేవు, గుండె సర్జన్ ఫీజు లేదు. చివరికి బిల్లు చూసి పిన్ని కూలబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. బైపాస్ పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత, రెండూ వేర్వేరుగా కాగితం మీద రాయించుకోండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మీరు ఆంధ్ర కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చూసుకోండి. పరిమితి ఎంతైనా, ఒక్కో ఆపరేషన్‌కు ప్యాకేజీ ధర వేరుగా ఉంటుంది. అది ముందే తెలుసుకోండి.

తెనాలి అబ్బాయి
చాలా థాంక్స్ టీచర్ గారూ. ఇంకో సందేహం. ఒక బంధువు (ఫార్మసీ వాళ్లు) సిరలో ఫిల్టర్ పెట్టించండి, గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతుంది అంటున్నారు. ఆపరేషన్ దాకా ఆగాలంటే భయంగా ఉంది.

కత్తీ సూదీ
భయం సహజమే. ముక్క విరిగి ఊపిరితిత్తుల నాళంలోకి పోవడం నిజంగా జరిగే ప్రమాదమే. కానీ ఫిల్టర్‌ను సాధారణంగా వద్దంటాం. త్రాంబస్ పైకి పెరిగి ఆ జల్లెడలో ఇరుక్కుంటే, తరువాత తీయడం నరకం. మామూలు రక్తపు గడ్డ కూడా ఉంటే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ తరహా ఇంజెక్షన్లు పొట్టకు ఇస్తారు. ఆపరేషన్ ముందు ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు. మీ అంతట మీరు ఏ మాత్రా మొదలుపెట్టవద్దు. ఇంతకంటే పెద్ద రక్షణ, ఆపరేషన్ తేదీని వారాల తరబడి సాగదీయకపోవడం. హఠాత్తుగా ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా రాత్రనీ పగలనీ చూడకుండా తీసుకెళ్లండి.

లెక్కల మాస్టారు
ఇంకో ప్రశ్న. ఇప్పుడు ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు మళ్లించే మందు) వచ్చింది కదా. ముందు మందు ఇచ్చి గడ్డను కుదించి, తరువాత చిన్న ఆపరేషన్ చేయకూడదా? 2018లో వచ్చిన కార్మెనా అధ్యయనం కిడ్నీ తీయడం వల్ల లాభమే లేదని చెప్పినట్టు చదివాను.

కత్తీ సూదీ
కార్మెనాలో ఉన్నది అప్పటికే ఇతర అవయవాలకు పాకిన రోగులు. ముందు కిడ్నీ తీసి తరువాత సునిటినిబ్ అనే క్యాన్సర్ మాత్ర ఇవ్వడం కంటే, సునిటినిబ్ ఒక్కటే ఇవ్వడం వెనకబడలేదని తేలింది. తెనాలి వాళ్ల నాన్నగారికి ఇంకెక్కడా పాకలేదు. ఆ ఫలితం ఆయనకు అతికించకూడదు. ఆ అధ్యయనాన్ని ఇలా అడ్డదిడ్డంగా వాడటం డాక్టర్లలో కూడా చూశాను, ప్రతిసారీ చిరాకే.

ముందు మందు అన్నది మాత్రం మంచి ప్రశ్న. నక్సివా అని ఒక చిన్న అధ్యయనంలో 20 మందికి ఆక్సిటినిబ్ అనే మరో క్యాన్సర్ మాత్ర 8 వారాలు ఇచ్చి చూశారు. చాలామందిలో త్రాంబస్ కొంత పొట్టిదైంది. లెవెల్ మారేంతగా తగ్గింది మాత్రం మూడోవంతు మందిలోనే. మిగిలినవాళ్లకు ఆ 8 వారాలు ఎదురుచూపే. ఆపరేషన్ అసాధ్యం అనిపించిన చోట, మనిషి తట్టుకోలేడనిపించిన చోట అది ఆలోచించదగ్గది. తీయగలిగిన చోట ఇవాళ్టికీ ముందు వరుసలో ఉన్నది ఆపరేషనే.

తెనాలి అబ్బాయి
ఆపరేషన్‌లో ఏమి చేస్తారో చెప్పగలరా? డాక్టరుగారిని అడిగితే "కిడ్నీ తీస్తాం, సిర శుభ్రం చేస్తాం" అన్నారు. అది విని అమ్మ ఇంకా భయపడింది.

కత్తీ సూదీ
చెబుతాను. తెలిస్తే భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం.

పక్కటెముకల కింద రెండువైపులా వంపుగా కోత పెడతారు. మొదట వెతికేది కిడ్నీకి రక్తం తెచ్చే ధమనిని. దాన్ని ముందు కట్టేస్తే గడ్డకు రక్తం ఆగుతుంది, త్రాంబస్ కొంచెం వాడిపోతుంది కూడా. ఈలోగా కిడ్నీని అటూ ఇటూ కదపరు, సిరను పిసకరు. ముక్క విరిగితే ఊపిరితిత్తులకే పోతుంది కాబట్టి.

తరువాత మహాసిరకు అన్నివైపులా పట్టు సాధించాలి. కిడ్నీలకు కింద ఒక పట్టు, ఎదుటి కిడ్నీ సిరకు ఒకటి, త్రాంబస్ కొనకు పైన ఒకటి. వెనకనుంచి వచ్చే చిన్న నడుము సిరలను ఒక్కొక్కటే కట్టాలి. ఒక్కటి మరిచిపోయినా సిర తెరిచాక రక్తం ఊరుతూనే ఉంటుంది. లెవెల్ రెండులో పై భాగం, మూడులో అయితే తప్పనిసరిగా, కాలేయం వెనక దాక్కుని ఉంటుంది. కాలేయాన్ని దాని బంధనాల నుంచి విడిపించి, పుస్తకం పేజీలా పక్కకు తిప్పుతారు. కాలేయ మార్పిడి సర్జన్ల దగ్గర నేర్చుకున్న విద్య ఇది. అమెరికాలోని మియామీలో సియాంచియో అనే సర్జన్ బృందం దీన్ని కిడ్నీ ఆపరేషన్లలో బాగా స్థిరపరిచింది. ఛాతీ తెరవకుండా, బైపాస్ లేకుండా ఎన్నో లెవెల్ మూడు కేసులు దీనివల్లే సాధ్యమయ్యాయి. అవసరమైతే కాలేయానికి వచ్చే రక్తాన్ని కూడా కొద్ది నిమిషాలు ఆపుతారు.

అప్పుడు కిడ్నీ సిర నోటి చుట్టూ మహాసిరను కోస్తారు. గోడకు అతుక్కోకపోతే త్రాంబస్ ఒకే ముద్దగా జారి వస్తుంది. ఆ క్షణం థియేటర్‌లో అందరూ ఊపిరి బిగబట్టే ఉంటారు. అతుక్కుంటే ఆ గోడ ముక్కను కూడా తీసేయాలి. తీసేశాక సన్నటి దారంతో సిరను కుడతారు. మిగిలిన వెడల్పు సగానికి పడిపోతే అతుకు వేస్తారు. పూర్తిగా మూసుకుపోయి, చుట్టూ పక్కదారి సిరలు ముందే ఏర్పడి ఉంటే, కొన్నిసార్లు ఆ భాగాన్నే తీసేస్తారు. మీ నాన్నగారిది కుడి కిడ్నీ కావడం ఇక్కడ కలిసొస్తుంది. ఎడమ కిడ్నీ సిరకు రక్తం బయటికి పోయే పక్కదారులు సహజంగానే ఉంటాయి.

రోబోతో కూడా చేస్తున్నారు, 2011 నుంచి నివేదికలు వస్తున్నాయి. కానీ "రోబో ఉందా" అని అడగడం కంటే "ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు" అని అడగండి.

నిద్రమందు
(మత్తు వైద్యురాలిని.)

సర్జన్లు తమ సగమే చెబుతారు. తెర ఇవతలి సగం నేను చెబుతాను. మహాసిరను మూసిన క్షణాన కింది శరీరం నుంచి గుండెకు వచ్చే రక్తం తగ్గి, బీపీ ధబీమని పడిపోతుంది. అందుకే ముందు కాసేపు మూసి చూస్తాం. రక్తం, మందులు ఎక్కించి బీపీ నిలబడితే ముందుకు, నిలబడకపోతే వదిలేసి మరో మార్గం. పక్కదారి సిరలు బాగా పెరిగినవాళ్లు, విచిత్రంగా, దీన్ని బాగా తట్టుకుంటారు.

ఆహారనాళంలోంచి గుండె వెనకకు ఒక ఎకో ప్రోబ్ పెడతాం. త్రాంబస్ కొన ఎక్కడుందో ఆ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. మూడు అనుకున్నది నాలుగు అయితే ముందు చూసేది మేమే. ముక్క విరిగినా మాకే తెలుస్తుంది. సిర మూసే ముందు లోపలి గాలిని బయటికి తోసేయాలి, గాలిబుడగ గుండెకు పోకూడదు.

మీరు వెళ్లే చోట ఈ ప్రోబ్ వాడతారా, రక్తనిధి అదే ఆవరణలో ఉందా, కాలేయ సర్జన్, గుండె సర్జన్ పిలిస్తే వచ్చే దూరంలో ఉన్నారా, ఈ మూడూ అడగండి. హైదరాబాదులో నిమ్స్ లాంటి చోట యూరాలజీ, గుండె శస్త్రచికిత్స, జీర్ణకోశ శస్త్రచికిత్స ఒకే ప్రాంగణంలో ఉండటం వల్ల లాభం అదే.

పల్నాడు పెద్దాయన
అమ్మా, ఇంత చెప్పారు. ప్రాణానికి ఎంత ముప్పో చెప్పలేదు.

నిద్రమందు
అడగాల్సిన ప్రశ్నే పెద్దాయనా. ఆపరేషన్‌లో, ఆ తరువాత కొద్ది వారాల్లో ప్రాణం పోయేది 100 మందిలో ఇద్దరి నుంచి పదిమంది దాకా. లెవెల్ పెరిగేకొద్దీ, గుండె గదిలోకి వెళ్లినప్పుడు, ముప్పు పెరుగుతుంది. ఏటా చాలా కేసులు చేసే చోట తగ్గుతుంది. దీన్ని దాచిపెట్టి సంతకం తీసుకునేవాళ్ల దగ్గర సంతకం పెట్టకండి.

న్యూజెర్సీ వదిన
మా ఆయనది లెవెల్ నాలుగు. ఛాతీ, పొట్ట రెండూ తెరిచారు. ఒళ్లు 20 డిగ్రీల దరిదాపులకు చల్లబరిచి, గుండె ఆపి, కుడి గదిలోంచి తీశారు. ఇక్కడికి ఎవరైనా నాలుగు అని చదివి వస్తే వారికోసం రాస్తున్నాను, మా ఆయన ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నారు.

ఎవరూ చెప్పని సంగతులు కొన్ని చెబుతాను. ఐసీయూలో కొన్నాళ్లు నన్ను గుర్తుపట్టలేదు, నర్సులు తనను కిడ్నాప్ చేశారన్నారు. అది చాలామందికి వచ్చి పోతుందట, నాకు ముందే చెప్పి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు. తిండి సహించడానికి చాలాకాలం పట్టింది. ఏదీ వద్దంటే పెరుగన్నంలో మామిడికాయ ముక్క నలిపి పెట్టేదాన్ని. కాళ్ల వాపు ఒక్కసారిగా పోలేదు.

తెనాలి అబ్బాయి
ఆలస్యానికి క్షమించండి. ఎమ్మారైలో కొన కాలేయ సిరలకు కిందే ఉందని తేలింది. లెవెల్ రెండు. గోడను కొరికిన గుర్తులు లేవు. పెదనాన్నకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. "చేయించండి, కానీ నేనూ వస్తాను" అన్నారు. గుండె సర్జన్‌ను సిద్ధంగా ఉంచారు, పిలవాల్సిన పని పడలేదు. బైపాస్ లేదు. త్రాంబస్ ఒకే ముద్దగా వచ్చిందట. రక్తం బాగానే ఎక్కించారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మొదట పెరిగి భయపెట్టింది, తరువాత దిగింది. డయాలసిస్ అవసరం రాలేదు. ఇంటికి వచ్చారు.

బయాప్సీలో క్లియర్ సెల్ (కిడ్నీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం), గ్రేడ్ 3, టీ3బీ (మహాసిరలోకి వచ్చినా ఉదరవితానం దాటని దశ) అని ఉంది. అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఇప్పుడు ఏడాదిపాటు ఇమ్యూనోథెరపీ అంటున్నారు. అంతా తీసేశాక మళ్లీ మందు ఎందుకు?

ఖమ్మం టీచర్
చల్లని మాట చెప్పారు తమ్ముడూ.

లెక్కల మాస్టారు
ఈ అంకెలు నేను చూశాను, చెబుతాను. పెంబ్రోలిజుమాబ్ అనే మందు. కీనోట్-564 అధ్యయనం. మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆపరేషన్ తరువాత మూడు వారాలకు ఒకటి చొప్పున 17 మోతాదుల దాకా ఇచ్చారు. నాలుగేళ్ల తరువాత బతికి ఉన్నవాళ్లు మందు తీసుకున్న వర్గంలో 91 శాతం, తీసుకోని వర్గంలో 86 శాతం. అంటే 100 మందికి ఇస్తే అదనంగా నిలిచేది అయిదుగురు. అయిదుగురు తక్కువా ఎక్కువా అన్నది లెక్కల మాస్టారు చెప్పలేడు.

కత్తీ సూదీ
మాస్టారు సరిగ్గా చెప్పారు. టీ3బీ, క్లియర్ సెల్ కాబట్టి మీ నాన్నగారు ఆ అధ్యయనపు అర్హతల్లోకి వస్తారు. ఇవ్వాలనుకుంటే ఆపరేషన్ అయిన 12 వారాల లోపు మొదలుపెట్టాలి. అటువైపు ఉన్నవి ఖర్చు, లక్షల్లో, ఇంకా దుష్ఫలితాలు. థైరాయిడ్ దెబ్బతినవచ్చు, పేగు, కాలేయం, ఊపిరితిత్తులు వాయవచ్చు. కొందరికి జీవితాంతం హార్మోను మాత్ర తప్పదు. పొలం తాకట్టు పెట్టాల్సి వస్తే ఆ మాట ఆంకాలజిస్టుకు నేరుగా చెప్పండి, సిగ్గుపడవద్దు. మందు వద్దనుకుని స్కానులతో గట్టిగా కనిపెట్టుకుని ఉండటం కూడా గౌరవప్రదమైన మార్గమే. ఏ దారి పట్టినా మొదటి మూడేళ్లు ఛాతీ, పొట్ట స్కాను 3 నుంచి 6 నెలలకు ఒకసారి తప్పదు.

మోకాళ్ల నొప్పులకు ఆయన ఇదివరకు డైక్లోఫెనాక్ లాంటివి మింగేవారా? ఇక ఒక్క కిడ్నీయే. ఆ మాత్రలు ఇంట్లో ఉంటే తీసేయండి.

తెనాలి అబ్బాయి
మింగేవారు. ఇప్పుడే డబ్బా వెతికి తీసేశాను. ఆంకాలజిస్టును కలిశాక రాస్తాను.

కాకినాడ కోడలు
ఈ చర్చ చదివాకే ధైర్యం వచ్చి అడుగుతున్నాను. మా అత్తగారికి ఎడమ కిడ్నీ, త్రాంబస్ గుండె కుడి గదిలోకి వెళ్లిందన్నారు. వయసు 70. ఊపిరితిత్తిలో ఒక చిన్న మచ్చ కూడా ఉంది. ఆవిడకు కూడా ఇదే దారా?

కత్తీ సూదీ
కాదమ్మా, మీ అత్తగారి లెక్క వేరు. ఊపిరితిత్తి మచ్చ క్యాన్సరా కాదా అన్నది ముందు తేలాలి, ఆ తరువాతే కత్తి సంగతి. కొత్త చర్చ మొదలుపెట్టి రిపోర్టు వివరాలు రాయండి, పేరూ ఆసుపత్రి నంబరూ చెరిపేసి. నేనూ నిద్రమందు గారూ అక్కడికి వస్తాం.